ఎడమ చెంప

పడవకి బ్రేకు ఉండదు.
ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్ళు లారీలకి బాడీలు కట్టినవాడికి
ఈ ముక్క బుర్రకెక్కడానికి
మూడుసార్లు పున్నమి ఘాటు మెట్లని గుద్దాల్సొచ్చింది.

బాడీలకి పోగా మిగిలిన టేకు ముక్కలు, తుమ్మ అడ్డలు,
టార్పాలిన్లు కుట్టే సుభానీ ఇచ్చిన గుడ్డతో తెరచాప.
రెండు వేసవులు పట్టింది.
నీళ్ళలోకి దించిన రోజున అది కొంచెం లారీలాగే ఉంది.
వెనకబల్ల మీద, పసుపు మీద ఎరుపు,
మస్తాన్ వలీ చేతిరాత:
మళ్ళీ కలుద్దాం.

పొద్దు వాలింది. జ్యేష్ఠమాసం.
నైరుతి గాలి వీపు మీద చెయ్యేసి తోస్తోంది
పెళ్ళిలో పంక్తికి లేవమని తోసే చుట్టంలా.
ప్రేమే. కాదనను. ఆగమంటే ఆగదు, అంతే.

జెట్టీ దగ్గర నా చోటు
నీలం డ్రమ్ముల మీద పరిచిన రెండు బల్లల మధ్య సందు.
పడవ అయిదడుగులు, సందు ఏడు.
ఇంతకన్నా ఇరుకులో లారీలని రివర్సు పెట్టించాను.
కానీ అక్కడ నేల ఊగదు.

ఇద్దరుంటే ఇదో పనే కాదు.
ఒకడు చుక్కాని పడతాడు, ఒకడు దూకుతాడు.
మస్తాన్ దూకేవాడు, లుంగీ ఎగ్గట్టి,
నోట్లో బీడీ తడవకుండా.

ఒక్కడివే అయితే
ఒడ్డు పని నది మధ్యలోనే మొదలుపెట్టాలి.
తాళ్ళు విప్పి చుట్టలు చుట్టుకోవాలి.
పాత టైర్లు రెండు పక్కలా వేలాడదీయాలి.
పడవ నడుముకి కట్టిన తాడు ఒకటి, కొసకి ఉచ్చు వేసి
చేతికందేలా.
ముక్కుతాడు పట్టుకుంటే తోక తిరిగి కొడుతుంది,
ఎడ్లని తోలినవాడెవడైనా చెబుతాడు.
నడుము పట్టుకుంటే మొత్తం ఆగుతుంది.

చాప దించేశాను.
పోతూనే ఉంది,
కోపం దిగిపోయాక కూడా నోరు నడిచినట్టు.

కుడి బల్ల తేలిక, గాలే తీసుకెళ్ళి ఆనిస్తుంది.
నేను ఎడమకే తిప్పాను.

"బాబాయ్, తాడిసురు!"
జెట్టీ మీద టికెట్ల కుర్రాడు.
విసరలేదు.
విసిరితే లాగుతాడు. లాగితే ముక్కు పోయి బల్లలో దిగుతుంది.
మంచితనానికి విరిగిన చెక్కల్ని చాలానే చూశాను.

ఉచ్చు గుంజకి అందలేదు.
జానెడు.
నేల మీద జానెడంటే జానెడే,
నీళ్ళ మీద అది సీతానగరం ఒడ్డంత.
గాలి నన్నెత్తి పక్కనున్న స్పీడుబోటు మీద పెట్టబోయింది.
గడ వేసి, పొడిచి, వెనక్కి, ఇంకా వెనక్కి,
చొక్కా వీపుకంటుకుపోయి,
మళ్ళీ నదిలోకి.
మెట్ల మీద ఎవరో నవ్వారు.
నవ్వనీ. వదిలేసి వెళ్ళి మళ్ళీ రావడానికి
కృష్ణలో చోటుకి కరువా.

రెండోసారి
ముక్కు గాలికి ఎదురు పెట్టి
పడవ ఊపిరంతా పోయేదాకా కూర్చున్నాను.
నీళ్ళు తోడే బకెట్‌కి తాడు కట్టి
వెనకాల వదిలాను.
నిండింది, బరువుగా లాగింది.
నా బ్రేకు అదే, నలభై రూపాయల ప్లాస్టిక్.
ముసలాడు గుమ్మం దాటినట్టు వచ్చింది పడవ సందులోకి.
ఉచ్చు పడింది.
తాడు కిర్రుమంది, టైరు నలిగింది,
ఆగింది.

ఎవరూ చూడలేదు. కుర్రాడు టీకి పోయాడు.

ముక్కుకి కుడివైపు కన్ను గీశాడు మస్తాన్.
తెల్లగుడ్డు, నల్లపాప, చెవి దాకా సాగిన కాటుక.
ఎడమది గీసే రోజునే మాటా మాటా వచ్చింది,
పెయింటు డబ్బా ఖరీదు దగ్గర మొదలై
మా నాన్నల దాకా పోయింది.
ఈ ఆషాఢానికి ఏడాది.
ఏడాదిగా ఒంటికన్నుతో తిరుగుతోంది పడవ.

రేపు శుక్రవారం.
నమాజయ్యాక ఈ దారినే వస్తాడంట, సుభానీ చెప్పాడు.

ఎడమ చెంప ఇప్పుడు బల్లవైపుంది.
బల్ల మీద కూర్చున్న మనిషి చెయ్యి చాపితే
అందేంత దగ్గర.
చెక్కకి గరుకు కాగితం పట్టాను, తడిగుడ్డతో తుడిచాను.
ముందు తాడుకి ఒక ముడి, వెనక తాడుకి రెండు.
ఇంకొకటి కూడా వేశాను.
ఊగకూడదు
కన్ను గీసేటప్పుడు.