పసుపు గీటు

పర్లాకిమిడిలో, మందుల షాపు మీద, రెండో అంతస్తులో
తొమ్మిదేళ్ళు నేను పరాయి మెడలు తూచాను.
రాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి
గీటు నిలిచిందా కరిగిందా చూసి
గ్రాముకి ఇంత అని రాసేదాన్ని.
ఒకటో తారీఖు పొద్దున్నే
ఫోను టింగుమనేది.
ఆ ఒక్క చప్పుడు మీద
నెలంతా ఆనుకుని నిలబడేదాన్ని.

పుస్తెలు తాకట్టు పెట్టేవాళ్ళంతా ఒకేలా చేసేవారు.
బల్ల అంచున తల వంచి
కొంగు చాటున గొలుసు తీసి
ఇంటి దగ్గరే ముడేసుకొచ్చిన పసుపుతాడుని
జాకెట్టులోకి తోసేవారు.
తాడుకి ఒక పసుపు కొమ్ము.
బిసోయి వాళ్ళ కోడలు నవ్వింది ఒకసారి,
"బంగారం మీ బీరువాలో ఉన్నన్నాళ్ళూ
మా ఆయనకి ఇదే కాపలా మేడం."
ఆ కొమ్ముని నేనెప్పుడూ తూచలేదు.
రసీదులో దానికి గడి లేదు.

గుమ్మ సంతలో సుంబారి దగ్గర కొన్నాను మొదట.
కొండ పసుపు. మట్టి వదల్లేదింకా.
విరిస్తే లోపల నిప్పు రంగు.
అలవాటు ఊరుకోదు కదా,
ఇంటికొచ్చి గడప రాతి మీద గీశాను.
మూడు వానలు పడ్డాయి.
గీటు అక్కడే ఉంది.

ఆ రాత్రే తేల్చుకున్నానని చెప్పను.
పద్నాలుగు నెలలు లెక్కలేశాను,
రద్దైన రసీదుల వెనక.

కామేసుకి చెప్తే ఆటో అద్దం తుడుస్తూ
"ఏటే, జీతం చేదైపోనాదేటి?" అన్నాడు.
చేదు కాదు. నోట్లో పెట్టుకోకముందే తెలిసిన రుచి.
టైరుని కాలితో తన్ని గాలి చూసుకున్నాడు, అంతే.
రెండు రోజులకి పిండిమర దగ్గర
నా కోసం బేరమాడుతూ దొరికాడు.

ఈ దుకాణానికి తలుపు అక్కర్లేదన్నారు.
తలుపు లేని చోట ఎక్కడ తట్టాలో ఎవరూ చెప్పలేదు.
రాష్ట్రం ఒడిశా అని నొక్కానా,
ఫోను మొత్తం ఒడియాలోకి తిరిగిపోయింది.
భాష తెలుగు అన్నానా,
నన్ను తీసుకెళ్ళి శ్రీకాకుళంలో దించింది.
ఏడుతో మొదలయ్యే పిన్‌కోడు,
ఐదుతో మొదలయ్యే మాట,
రెండూ పట్టే ఫారం ఎవరూ రాయలేదింకా.
చీటీ మీద మాత్రం రెండూ అచ్చేయించాను.
హళదీ, పసుపు.
ఆ గుండ్రాలూ ఈ గుండ్రాలూ
ఒకే పీట మీద కూర్చున్న తోటికోడళ్ళలా ఉన్నాయి.

మొదటి పొట్లం రాయగడ వెళ్ళింది, అరకిలో.
రెండోది వెనక్కొచ్చింది.
"రంగు మరీ ఎక్కువ. కల్తీ."
తొమ్మిదేళ్ళు కల్తీ పట్టినదాన్ని,
ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

ఎండబెట్టే యంత్రానికి డబ్బు కావాలి.
రాజీనామా కాగితం సంచిలో ఉండగానే
బల్లకి అటువైపు వెళ్ళి కూర్చున్నాను.
ఆ కుర్చీ అంత పొట్టిదని అప్పటిదాకా తెలీదు.
దేబాశిష్ నా మొహం చూడకుండా గొలుసు గీశాడు.
నేను నేర్పిన చేయే.
తరుగు తీశాడు. తీయాలి మరి.
కింద సంతకం చేస్తుంటే
మెడలో కొత్త తాడు గరగరమంది.
కొమ్ము మా సరుకులోదే,
సన్నది, అమ్మడానికి పనికిరానిది.

ఒకటో తారీఖు వచ్చింది.
ఫోను మోగలేదు.
కాఫీ తాగాను. మళ్ళీ చూశాను.
సుంబారికి బాకీ, మరకి బాకీ,
కొరియరు కుర్రాడు గేటు దగ్గర హారన్.
వంటగది కాటా మీద పొట్లాలు పెడుతున్నాను,
ఒక్కోదానికీ రెండు గ్రాములు ఎక్కువే వేసి.
తక్కువ వేసే చేయి ఆ బల్ల దగ్గరే వదిలేశాను.
పదకొండింటికి టింగుమంది.
జీతం కాదు. ఎవరో అడుగుతున్నారు,
"ఇది అసలుదేనా?"

రాతి మీద గీసి చూడండి, అని కొట్టాను.
అద్దం మీద నా బొటనవేలు
పచ్చగా పడింది.
తుడవబోయి ఊరుకున్నాను.