కన్ను ముట్టుకుని చూడు

చెన్నై నుంచి సింగపూరుకి
నాలుగున్నర గంటలంట.
పీతల డిపో గోడమీద సుద్దముక్కతో రాసిపెట్టాడు
మా గుమాస్తా తాతబ్బాయి.
దాని కింద చిన్నక్షరాల్లో
బలుసుతిప్ప నుంచి చెన్నైకి పదమూడు, అని.
మడల్లోంచి డిపోకి ఎంతో
ఎవరూ రాయలేదు.

అది పాటుని బట్టి ఉంటుంది మరి.
నీళ్లు తీసేశాక నావ కదలదు.
మోకాల్లోతు బురదలో దిగి
మా ఆయన భుజంతో తోసుకొస్తాడు.
ఆ రెండు ఫర్లాంగులకీ ఒక్కోరోజు
సింగపూరంత సేపు పడుతుంది.

నా పని కట్టడం.
కాలి బొటనవేలితో వీపు నొక్కిపట్టి
డెక్కల మీంచి పురికొస రెండు చుట్లు, కింద ఒక ముడి.
కొత్తల్లో ఒక మండపీత, ముప్పావు కిలో ఉంటుంది,
నా చూపుడువేలి కొస పట్టుకుపోయింది.
ఆ ముక్క మాత్రం విమానం ఎక్కే ఉంటుంది.

కట్టేముందు కన్ను ముట్టుకుంటాను.
పుల్లలాంటి ఆ కన్ను చటుక్కున గూట్లోకి ముడుచుకుంటే
ప్రయాణానికి పనికొస్తుంది.
నెమ్మదిగా ముడిస్తే మా పులుసులోకి.
అసలు ముడవకపోతే కాలవలోకి.

తడిగోనె, నాలుగు మడాకులు, పెట్టెకి కన్నాలు.
అలా సర్దితే నాలుగు పోట్లు, నాలుగు పాట్లు బతుకుతుంది.
తాతబ్బాయి లెక్కేసి నలభై ఎనిమిది గంటలంటాడు.
సరే అంటాను.
గంటలన్నీ ఒకే పొడుగుంటాయని
అతనికి ఎవరు చెప్పారో.

మొన్న వాయుగుండానికి విమానం ఆగిపోయింది.
రాత్రి రెండింటికి తలుపు కొట్టి
ఫోను నా చేతిలో పెట్టాడు తాతబ్బాయి.
అటుపక్క విమానాల గొడౌన్లో ఎవరో కుర్రాడు,
సగం అరవం, సగం తెలుగు.
"అక్కా, ఇంకా ఎంతసేపుంటాయి ఇవి?"

వాకిట్లోకొచ్చి నిలబడ్డాను.
చీకట్లో ఏరు ఎటు పోతోందో విన్నాను.
పోటు మొదలైంది.
పీతకి ఆ సంగతి తెలుస్తుంది, సిమెంటు నేలమీదున్నా సరే.
నీళ్లు ఎక్కుతున్నాయనుకుని కాళ్లు కదుపుతుంది.
"పెట్టెకి చెవి ఆనించు" అన్నాను.
చాలాసేపు వానే వినపడింది,
వాళ్ల రేకులమీద వాన.
"గీకుతున్నాయక్కా."

"మూత తియ్యి. గోనెమీద నీళ్లు చిలకరించు.
ఏదో ఒకదాని కన్ను ముట్టుకుని చూడు."
"కరిస్తే?"
"కట్టింది నేను."

మళ్లీ వాన.
తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు వాడు.
"లాగేసుకుందక్కా, లోపలికి లాగేసుకుంది!"
వాడి పేరు అడుగుదామనుకున్నాను. ఫోను కట్టయ్యింది.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ విమానం లేవలేదు.
నాలుగున్నర చెరిపేసి
ఇరవై అని రాశాడు తాతబ్బాయి, పక్కనొక ప్రశ్నగుర్తు.
అక్కడ గడియారం మనకంటే
రెండున్నర గంటలు ముందుంటుందని కూడా చెప్పాడు.
ఆ రెండున్నర గంటలూ పీత ఎక్కడుంటుందయ్యా అనడిగితే
సుద్దముక్క చేత్తో పట్టుకుని
గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఇవాళ పాటు ముందే తీసింది.
కొబ్బరిపీచు మీద కూర్చుని పురికొస తుంచుతున్నాను, మూరెడు మూరెడు.
నావ ఇంకా రాలేదు.