వేలు దూరేంత

పదకొండు నెలలు పట్టింది
మల్కాపురం క్వార్టర్ల వెనక, స్కూటర్ షెడ్డులో.
నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, రాగి తీగ కుట్లు,
వానాకాలం తేమకి ఆరనని మొండికేసిన ఎపాక్సీ.
ఇరవై ఆరేళ్లు డ్రాయింగాఫీసులో
ఎవరెవరి ఓడలకో అడుగులు గీసిన చెయ్యి
మొదటిసారి ఒక అడుగుని నిమిరి చూసుకుంది.

పెదజాలరిపేట ఒడ్డున దించాను.
ఋషికొండ వైపు తోస్తానా,
నైరుతి గాలి వెనక పక్కనించి తగలగానే
గాటికి అలవాటుపడ్డ ఆవులా
మెల్లగా, మర్యాదగా, వెనక్కి తిరుగుతుంది.
కుడివైపు నాలుగు తెడ్లు, ఎడమవైపు ఒకటి.
అరగంటకి భుజం పట్టేసింది.
నా కయాక్ ముక్కు మాత్రం
డాల్ఫిన్ ముక్కు వైపే.

"అమరం కింద ఏటీ నేదేటమ్మా?"
వల కుట్టుకుంటూ, తలెత్తకుండా, తెడ్డు ఎల్లాజీ.
అవును, ఇంటిపేరే తెడ్డు.

చుక్కాని వద్దనుకున్నాను.
తొక్కుడు పెడళ్లు, తీగలు, కప్పీలు:
ఉప్పుగాలికి ముందు చచ్చేవి అవే.
అడుగున అంటించేసే స్కెగ్ సులువు,
టేకు ముక్క, జానెడు పొడుగు, బెత్తెడు లోతు.
కానీ కెరటం విసిరికొట్టిన రోజు
ముందు ఇసుకని గుద్దేది అదే.
పైగా గాలి లేనప్పుడు కూడా తిన్నగా పొమ్మంటుంది,
నాకు తిరగాలని ఉన్నా.

ఓ ఆదివారం చపాతీ పీటని సగానికి కోసి
పాత ట్యూబుతో అమరానికి కట్టి చూశాను.
పడవ రైలుపట్టా ఎక్కినట్టు పోయింది,
మలుపు తిప్పడానికి కైలాసగిరి దాటేదాకా పట్టింది.
ఇంట్లో సగం పీట మీద చపాతీలు
ఇప్పటికీ సగం గుండ్రంగానే వస్తాయి.

"మా తెప్పకి దుంగల మజ్జిన పలక దింపుతాం," అన్నాడు ఎల్లాజీ.
"జానెడో, మూరెడో.
ఎంతో పలకకి తెల్దు, గాలికీ తెల్దు.
కూకున్న నీ పిర్రకి తెలుస్తాది."

అంటే దించి ఎత్తుకునే రెక్క.
అంటే అడుగులో చీలిక కొయ్యాలి.
కాగితం మీద సాయంత్రానికల్లా గీసేశాను:
ఇరవై రెండు సెంటీమీటర్లు, పది మిల్లీల వెడల్పు.
తొమ్మిది రోజులు రంపం గోడకే వేలాడింది.
నీళ్లు రాకూడదనే కదా ఇన్నాళ్లూ
టార్చి పట్టుకుని
ప్రతి సూదిబెజ్జం వెతికి మూసింది.

పదో రోజు కోశాను.
బోర్లించిన పడవలోకి తల పెట్టి చూస్తే
చీకట్లో ఒక సన్నటి గీత వెలుతురు.
కాసేపు దాన్ని అలాగే ఉంచాను,
పెట్టె బిగించకుండా.

తాడు వదిలితే దిగింది, లాగితే లేచింది.
పిర్రకి నిజంగానే తెలిసింది:
సగానికి కాస్త పైన.
మూడో సవారీలో మాత్రం
ఒడ్డున మింగిన గవ్వముక్క పెట్టెలో ఇరుక్కుని
దిగనూ దిగదు, తాడు ఎంత వదిలినా.
కూర్చున్న చోటికి అది బారెడున్నర వెనక.
నేను కొలిచి గీసిన దూరమే.
ఈదుకుంటూ వచ్చాడు ఎల్లాజీ మనవడు,
గోళ్లతో పీకి, గవ్వ నా ఒళ్లో పడేసి,
మళ్లీ మునిగిపోయాడు.

ఇది ఒక్కరి పడవ. ఒకటే సీటు.
ఆ రాత్రి షెడ్డులో రెక్క కొసన
చిన్న చిల్లు వేశాను.
వలదారం గుచ్చి ముడేశాను,
వేలు దూరేంత.
నాది కాదు. నా వేలు అక్కడికి అందదు.