మూడింటి గిన్నె

షిన్చూలో గాలికి సెలవుండదు.
తెల్లవారుజామున మూడింటికి
ఫాన్ ష్యూ-చిన్ కొట్టు రేకు తలుపు
దానంతటదే కొట్టుకుంటూ ఉంటుంది.

ఎడమ బల్ల తూర్పు గేటు కంపెనీ వాళ్లది,
కుడి బల్ల పడమటి గేటు వాళ్లది.
నడుమ మిరపనూనె సీసా ఒక్కటే.
అది అడక్కుండానే చేతులు మారుతుంది,
మాట మాత్రం ఏ బల్లా దాటదు.

మూడు నానోమీటర్లు రెండైన సంగతి
ఆమెకు పేపర్ చెప్పక్కర్లేదు:
ఆ వారం ఎడమ బల్ల రెండో గిన్నె అడిగింది.
కుడి బల్ల బియ్యపు సేమియా చల్లార్చుకుని
పుల్లతో సూప్ మీద ఏవో గీతలు గీసింది.

అన్నానికైతే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు.
వాళ్ల పళ్లెంలో వందల మెతుకులు,
ప్రతిదీ విడిగా పట్టి చూడాలట;
సగం పలుకేనట.

వచ్చే ఏడు ఇంకా సన్నం.
కరెంటు తీగల్ని చిప్పు వెన్నులోంచి పాకిస్తారట.
"ఇంక సన్నబడ్డానికి ఏం మిగిలింది నాయనా?"
కుడి బల్ల బో-యెన్ నవ్వలేదు,
కళ్లు నులుముకున్నాడు.

ఎడమ బల్ల నుంచి ఒకడు లేచి
బిల్లు కట్టాడు, ఇద్దరిదీ.
నిరుడు
అతనూ అటే కూర్చునేవాడు.