ఐదో చోటు

ఒక్కొక్కరే దిగాలె సార్లు, తొందర లేదు.
అందరూ ఒకే దిక్కు లేస్తే
కృష్ణమ్మ మనల్ని వేరే టూరు తీస్కపోతది.
నవ్వుండ్రి. నవ్వితే పుట్టి తేలికైతది.

నా పేరు జమ్ములమ్మ. గద్వాల కాలేజీల డిగ్రీ, సగం.
మెడల కార్డు ఆఫీసోళ్లు ఏసిండ్రు,
చేతిల కాయితం గూడ వాళ్లదే.
దీంట్ల మా గడ్డ మీద చూడాల్సిన చోట్లు నాలుగు.
నడక గంటన్నర. పల్లేరుకాయలున్నయి, చెప్పులు విప్పకుండ్రి.

మొదటిది బడి గోడ.
సున్నం మీద ఈ మట్టిగీత చూస్తుండ్రు గదా,
వరదొచ్చి తన ఎత్తు తనే కొలుచుకున్నది.
పక్కన బొగ్గుతోని రాసింది మద్దిలేటి సారు:
'ఈ దినము సెలవు.'
ఆ దినము ఇరవై రెండు దినాలైంది.
గోడకు మళ్ల సున్నమేసినా
ఆ రెండు మాటల చుట్టూ తిరిగి ఏసినం.

రెండోది వంతెన కాళ్లు.
అవును మేడమ్, కాళ్లే. నడుము ఇంకా రాలె.
ఎలక్షన్‌కు రెండు చొప్పున ఆరు లేసినయి.
నీటికాకులు వాటి మీద రెక్కలు ఆరేస్తయి.
వాటి లెక్కల పని ఎప్పుడో అయిపోయింది.

మూడోది పీర్ల చావిడి.
నీళ్లు ఎక్కిన రాత్రి పీర్లను ఒడ్డు దాటియ్యాలంటే
పుట్టిల జాగా చాల్లేదు.
ఈరన్న తాత తన వడ్లమూటలు దించి
"ఆకలి మనది, ఆగుతది" అన్నడంట.
కాయితంల ఇంతవరకే ఉంది.
ఆయన పెండ్లాం ఏడాది దాకా ఆయనతోని మాట్లాడలె.
నాట్లేసింది ఆమె.

నాలుగోది ఈ బండ. ఫోటోలు దిగుండ్రి, పొద్దు బాగుంటది.
నున్నగ మెరుస్తున్న చోట మొసలి ఎండకు పండుతది.
అది కనబడకుంటే పైసలు వాపసు లేవు,
కనబడితే నన్ను ముందుగాల ఉరకనియ్యాలె.

మొన్న ఆదివారం ఈడికొచ్చి కాయితం మడిచిన.
అందరూ పొద్దు దిక్కు నిలబడ్డరు,
ఒక్క ముసలామె వీపు చేసి నిలబడ్డది.
సుంకులమ్మ. మక్తల్ బస్సుల వచ్చింది.
"టూరైపోయిందా?" అన్నది. అయిందన్న.
"మా ఊరు చూపియ్యకుంటనే?"
ఆమె చెయ్యి చాపిన దిక్కు
నీళ్లు. ప్రాజెక్టు ఆపిన నీళ్లు,
మబ్బు పడ్డ నీళ్లు.

పుట్టి తిప్పిన.
తెడ్డు నాది, దారి ఆమెది.
"ఇది కుమ్మరోళ్ల వాడ. కుక్క కరుస్తది, నడిమిట్ల పో.
ఈడ ఎడమకు."
ఏ గుర్తూ లేని నట్టనడి నీళ్లల్ల
ఎడమకు తిప్పిన.
పుట్టి అన్నంక తిరుగుతనే ఉంటది సార్,
కానీ అప్పుడు అది మూల తిరిగింది.
"మెల్లగ. మా అత్త ఇప్పుడే ఒరిగింది."
తెడ్డు పైకెత్తి పట్టుకున్న,
చుక్కలు గూడ చప్పుడు చెయ్యకుండ.

ఏడవలె ఆమె. ఒకటే కోపం చేసింది,
"గైడువంట, మా ఊరి పేరు గూడ తెల్వదు నీకు" అని.
పేరు చెప్పింది. నేర్చుకున్న.
ఒడ్డుకొచ్చినంక ఫీజు నేనియ్యాల్నేమో అనిపించింది,
ఇయ్యలె. చెయ్యి పట్టి దించిన.

ఫోటోలైనయా? ఎక్కుండ్రి మళ్ల.
పైసలేం లేవు దీనికి, కాయితంల లేదు.
కుమ్మరోళ్ల వాడ దాటినం.
ఎడమకు తిరిగినం.
చెప్పులు ఇగ ఇప్పుడు విప్పుండ్రి,
పొడుగు సార్, మీరు జెర తల వంచాలె,
ఈ ఇంటి దర్వాజ కిందికుంటది.