ఉత్తుత్తి మనిషి

మొన్న కార్తీకంల
మూడో మంచం మానిటరు
పోతున్న మనిషిని పక్కన పెట్టుకొని
సప్పుడు చెయ్యక ఊకున్నది.
ఆ మనిషి పేరు ఇక్కడ రాయను.
కంపెనీ పిలగాడొచ్చి
మిషను మంచిగనే ఉన్నదని సంతకం పెట్టి పోయిండు.

మంచిగున్నదని ఎట్ల తెల్వాలె?
మిషనును పరీక్ష చెయ్యాల్నంటే రోగం కావాలె,
రోగం కావాల్నంటే మనిషి కావాలె,
ఏ మనిషినని అడగాలె
జెర్రంతసేపు గుండె ఆపి చూపియ్యమని?

దానికొక పెట్టె అమ్ముతరంట, మూడున్నర లక్షలు.
సూపరింటెండెంటు సారు నా కాయితం మీద
కళ్లద్దాలు పెట్టిండు, తీసిండు.
అంతే.

జానీమియా గుజిరీ కొట్టుల
రైసుమిల్లు లెక్కలు రాసి రాసి అలిసిన కంప్యూటరు,
కిలోల చొప్పున.
వెనుక పాత ప్రింటరు మూతి ఉన్నదా, అదొక్కటే చూసిన.
ఆ మూతిల ఎనిమిది తీగలు,
ఒక్కోదాని బలం ముందుదాంట్ల సగం:
సేరు, అద్దసేరు, పావుసేరు,
అద్దపావు, ఛటాకు,
ఆ కిందికి మా నాయినమ్మ పేర్లు చెప్పని మూడు.
రెసిస్టర్ల నిచ్చెన మీంచి అన్నీ ఒక్కకాడ పోస్తే
వోల్టులయితయి. గుండె అంత ఇయ్యదు.
వోల్టును వెయ్యి పాళ్లు చేసి
ఒక్క పాలు తీస్తే,
తోలు మీదికి మనిషి పంపే ముచ్చట
గంతే.

ఎవ్వరి గుండెను గియ్యాలె?
ఆ పూట ఖాళీగ దొరికింది సైదమ్మ.
చీపురు గోడకు ఆనిచ్చి పండుకున్నది.
కాయితం మీద దిగింది
ఒక చీమలపుట్ట, ఒక తాటిచెట్టు,
కొంచెం బయలు, ఒక బోడగుట్ట.
మళ్ల పుట్ట, మళ్ల తాటిచెట్టు.
దేవరకొండ బస్సుల కిటికీకి కూసున్నట్టున్నది.
గళ్ల కాయితం మీద స్కేలు పెట్టి
సెకనుకు రెండు వందల యాభై చుక్కలు
ఎక్కిచ్చిన, మూడు రాత్రులు.

తీగలు తగిలియ్యనీకె రొమ్ము లేదు.
టైలరు బ్రహ్మయ్య కాడ నొక్కుడు గుండీలు తెచ్చి
మిఠాయి డబ్బా మూతకు కొట్టిన.
ఎర్ర తీగ పట్టుకున్న గుండీని
కుడిచెయ్యి అన్న.
అదేం అనలే.

గీత వచ్చింది గని
దాని నిండ నూగు, గొంగళిపురుగు పాకినట్టు.
మిల్లుల కరెంటు.
మిర్యాలగూడల గాలి గూడ
సెకనుకు యాభైమార్లు వణుకుతది.
డబ్బాకు రేకు చుట్టి, తీగలు జడలెక్క అల్లి
భూమికి కలిపితే
తాటిచెట్టు తేటగ నిలవడ్డది.

మానిటరు అడిగింది, పేషెంటు పేరు?
ఒక పేరు వేళ్ల కొసలదాక వచ్చింది.
ఆపిన.
ఉత్తుత్తి, అని కొట్టిన. వయసు, సున్న.

అప్పటిసంది నా కొలువు చంపుడు.
ఉరికిచ్చుడు, తడబడనిచ్చుడు, ఆపుడు,
టీ తాగొచ్చి మళ్ల లేపుడు.
ఒకటో మంచం పది సెకన్లకు ఒర్రింది.
రెండోది అంతకన్న ముందే.
మూడోది,
తాటిచెట్లన్ని కూలి
బయలు బయలే మిగిలినంక గూడ
డెబ్బై రెండు, డెబ్బై రెండని చూపుకుంట కూసున్నది.
వెనుక ఎర్తు తీగ తెగి ఎన్నాళ్లయిందో.
మిల్లు నూగును గుండె అనుకున్నది.
వడ్లు దంచే కరెంటును
మనిషి అనుకున్నది.

మరునాడు ఆరు రూపాయల తీగ.

సైదమ్మ వచ్చి నిలవడ్డది.
“గది నాదేనా?”
“నీదే.”
“ఆపు, చూస్త.”
మీట మీద నా వేలు మొరాయించింది.
“ఆపు సారూ. రేపు ఆడ పండేది నేనేమో.”

ఆపిన.
పుట్ట లేదు, చెట్టు లేదు.
మూడో మంచం గొంతు చించుకున్నది.
ఆమె రొమ్ము మీద చెయ్యేసుకొని విన్నది,
లోపటిదో, బయటిదో.

“మంచిగనే మొత్తుకుంటున్నది” అని
చీపురు అందుకొని
బల్ల కింద పడ్డ రాగి పోగులు
ఊడ్చుకుంట పోయింది.