పదకొండో ప్రశ్న

రెడింగ్‌లో, స్టేషన్ వెనక వీధిలో,
పళ్ళ డాక్టరు పై అంతస్తులో మా క్లినిక్.
కింద డ్రిల్లు మోగినప్పుడల్లా
నా బల్ల మీద పెన్నులు సన్నగా వణుకుతాయి.
అండం ఇస్తామని వచ్చినవాళ్ళు అది విని నవ్వుతారు.
ఆ నవ్వు దగ్గరే నా పని మొదలు.

హిమజ. ఇరవై తొమ్మిది.
మందుల షాపులో ఉద్యోగం, ఒక కూతురు,
చలికి పగిలిన వేళ్ళ కణుపులు.
ఎందుకు ఇవ్వాలనిపించిందని అడగాలి, అడిగాను.
"నెలనెలా పోయేదేగా అక్కా" అంది.
ఫారంలో అలా రాయలేను.
సహాయం చేయాలనే కోరిక, అని రాశాను.

ఎత్తు ఐదడుగుల మూడు.
జుట్టు నలుపు, నూనె పెడితే ఇంకా నలుపు.
చర్మానికి నాలుగు గడులున్నాయి,
చామనఛాయకి లేదు.
రెండు గడుల మధ్య గీత మీద టిక్కు పెట్టబోతే
కంప్యూటరు ఒప్పుకోలేదు.

మొన్న ఫోనులో ఒకాయన,
రెండేళ్ళ నాలుగు నెలలుగా మా జాబితాలో ఉన్నాయన,
గొంతు తగ్గించి అడిగాడు:
"దొరికితే, మనవాళ్ళే దొరుకుతారా?"
వెనక ఆవిడ "ఊరుకోండి" అంటోంది.
ఆ గడి లేదండీ, అన్నాను.
మొదటిసారి ఆ ఫారం మీద ప్రేమ పుట్టింది.

మూడో పేజీ. పదకొండో ప్రశ్న.
అమ్మమ్మ ఎలా పోయింది, ఏ వయసులో?
"కడుపునొప్పితో. ముప్పై నాలుగు."
నా పెన్ను ఆగింది.
మన వైపు కడుపునొప్పి అంటే ఏమిటో నాకు తెలుసు,
నాకు తెలుసని తనకీ తెలిసింది.
జిల్లా పేజీలో కింద మూలన
ఎంతమంది ఆ నొప్పి తాళలేక పోలేదు!
ఏ డాక్టరూ చూడని జబ్బు.
కానీ జన్యు సలహాలు చెప్పే మా హిలరీకి
కడుపునొప్పి అంటే పేగు, గడ్డ, అండాశయం.
పరువు కోసం ఆడిన అబద్ధమైనా సరే
ఇంకా పుట్టని పసిగుడ్డు కాగితాల్లోకి పోకూడదు.
"ఎవరినైనా అడగగలవా?"

నరసరావుపేటలో రాత్రి తొమ్మిదిన్నర.
పెద్దమ్మ, స్పీకరులో.
టీవీ, కుక్కరు కూత, ఆ తర్వాత ఏమీ లేదు.
చాలాసేపు ఏమీ లేదు.

"ఆ కాగితంలో ఆవిడ పేరెందుకే,
ఆవిడ రక్తం నీలో లేదు.
మీ అమ్మ నాకు వరసకి కాదు, సొంత చెల్లెలు.
నాకప్పుడు ఆరేళ్ళు.
పదకొండో రోజున మా అమ్మ దాన్ని
తోడికోడలి ఒళ్ళో పెట్టి,
పాలు ఎండడానికి గుండెకి మల్లెపూలు కట్టుకుంది.
వారం పాటు ఇల్లంతా మల్లెల వాసన.
ఇప్పటికీ నాకు పడదు.
పిల్ల వచ్చాక కూడా ఆవిడని గొడ్రాలనడం
ఒక్కరూ మానలేదే."

హిమజ ఏడవలేదు.
"ఆ జవాబు కొట్టెయ్యండి" అంది.
కొట్టెయ్యబోతే, "వద్దు, కనిపించేలా కొట్టెయ్యండి."

పైన కొత్త అమ్మమ్మని రాశాను:
ఎనభై ఒకటి, బతికే ఉంది, షుగరు, కీళ్ళు.
"చిన్నమ్మమ్మ అనేవాళ్ళం.
ఎండాకాలం సెలవుల్లో నా జడ గట్టిగా లాగి వేసేది.
ఎందుకంత గట్టిగానో..."
దానికీ గడి లేదు.

చివరి పేజీ ఖాళీ.
పుట్టబోయేవాళ్ళకి నాలుగు మాటలు, ఇష్టమైతేనే.
పద్దెనిమిది నిండాక పేరు అడిగే హక్కు వాళ్ళది,
అప్పటిదాకా ఈ కాగితమే.
తెలుగులో రాసింది:
"నీకు బెల్లం ఇష్టమైతే అది నా వల్ల కావచ్చు.
కాకపోతే ఏం పర్లేదు.
మీ అమ్మ జడ గట్టిగా లాగితే ఏడవకు."

దాన్ని నేను ఇంగ్లీషు చేయాలి.
రక్తం ఫలితాలకి ఇంకా ఐదు వారాలు.
ఫైలు పరిశీలనలో ఉన్న అరలోనే ఉంది.
కింద డ్రిల్లు ఆగింది.
ఫోను మోగుతోంది, నెంబరు గుర్తుపట్టాను,
ఈసారి ఆయన కాదు, ఆవిడ.
ఇంకా ఏమీ తెలియదమ్మా, అంటాను,
బెల్లానికి మాట వెతుక్కుంటూ.